మూడోనాటి పడక

పదో తరగతి పిల్లలకు మైటోకాండ్రియా పాఠం ఇరవై ఏళ్లు చెప్పాను. బోర్డు మీద చిక్కుడుగింజలాంటి బొమ్మ గీసి, లోపల మడతలు వేసి, "వీటిని కణశక్త్యాగారాలు అంటారు. పరీక్షలో తప్పకుండా వస్తుంది, రాసుకోండి" అనేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. అవి సరిగా పనిచేయకపోతే మనిషి ఎట్లా ఉంటాడని ఒక్కరూ అడగలేదు. నాకూ ఆ అనుమానం రాలేదు. మంచానికి అతుక్కుపోయాకే వచ్చింది.

నాలుగేళ్ల కిందటి వానాకాలంలో మహబూబాబాద్‌లో ఇంటింటా జ్వరాలు. నాకూ మా ఆయనకూ ఒకేరోజు వచ్చింది. ఆయన పదో రోజుకల్లా రైల్వే డ్యూటీకి పోయాడు. నాకు జ్వరం పోయింది కానీ మిగతాదంతా ఉండిపోయింది. పది నిమిషాలు నిలబడి పాఠం చెబితే గుండె దడదడలాడేది, కళ్లు బైర్లు కమ్మేవి. తలస్నానం చేస్తే ఆ పూటకు ఇక అంతే. దీన్ని అలసట అంటే నాకు కోపం వస్తుంది. అలసట అంటే పడుకుంటే తీరేది. ఇది రాత్రంతా పడుకుని లేచినా తీరదు, ఒక్కోసారి నిద్రపోయి లేచాకే ఇంకా బరువుగా ఉంటుంది.

పరీక్షలన్నీ చేయించాం. థైరాయిడ్ మంచిగుంది, షుగర్ లేదు, రక్తం ఉంది, గుండె బాగుంది. అప్పటికే నన్ను చూసుకోవడానికి చిల్పూర్ దగ్గరి మా ఊరి నుంచి అమ్మ వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. అమ్మను మేం అవ్వా అని పిలుస్తాం. ఆమె ఆ కాగితాల కట్ట చూసి, "అంగట్ల అన్ని ఉన్నయట, అల్లుని నోట్లె శని ఉన్నదట. గట్లున్నది నీ కత" అంది. హనుమకొండలో ఒక పెద్ద డాక్టరు నా ముఖం వైపు చూడకుండానే, "ఏమీ లేదమ్మా, టెన్షన్. మనసు కుదురుగా పెట్టుకోండి" అన్నాడు. అవ్వ అంతకు నెలముందే అదే మాట వేరేగా అంది. నాకు బుగులు పట్టిందని చెప్పి, బుగులు తీర్చే దేవుడని పేరున్న చిల్పూరు గుట్ట మీది వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. డాక్టరూ అవ్వా ఒకే జబ్బు కనిపెట్టారు. అవ్వ మందు కొబ్బరికాయ, ఆయన మందు పొద్దునొకటి రాత్రొకటి గోలీ. దేవుడికి దండం పెట్టాను, గోలీలూ మింగాను. దేనితోనూ లేవలేదు.

చివరికి వరంగల్‌లో ఒక డాక్టరమ్మ నన్ను అరగంట మాట్లాడనిచ్చింది. అన్నీ విని చీటీ మీద ఒక పొడుగాటి పేరు రాసింది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరుతో ఎక్కువగా తెలిసిన జబ్బు అది. "దీనికి పరీక్ష లేదు, మందు లేదు. కానీ జబ్బు మాత్రం ఉంది. మీరు చదువుకున్నవారు కదా, చదవండి" అంది. బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు. ఉంది అన్న ఒక్క మాటకు.

అప్పటి నుంచి చదువుతున్నాను. పక్కకు తిరిగి పడుకుని, ఫోను దిండుకు ఆనించి, వెలుగు బాగా తగ్గించి పది వాక్యాలు చదువుతాను. కళ్లు మూసుకుంటాను. మళ్లీ పది వాక్యాలు. ఒక్క పరిశోధన వ్యాసానికి వారం పడుతుంది. మధ్యలో తెలివి మసకబారితే చదివిందే మళ్లీ చదువుతాను. కానీ ఒక సంగతి నన్నే ఆశ్చర్యపరిచింది. చేతులు, కాళ్లు, గొంతు, అన్నీ అలసిపోయాయి గానీ, తెలుసుకోవాలన్న యావ మాత్రం అలసిపోలేదు. అది లేచి కూర్చుని నన్ను పొడుస్తూనే ఉంటుంది.

"పొద్దుందాక గా ఫోనుల ఏం జూస్తవే?" అని అవ్వ అడిగేది. చెప్పేదాన్ని. ఒకచోట రోగుల తొడకండ నుంచి ఇంత ముక్క తీసి, శ్రమ చేయించి, మళ్లీ తీసి, రెంటినీ పోల్చి చూస్తున్నారు. ఇంకోచోట ఆరోగ్యంగా ఉన్న కండ కణాలను రోగి రక్తరసంలో ఉంచి, అవి నీరసపడతాయా అని చూస్తున్నారు. ఇంకోచోట వేలమంది ఉమ్మి తెప్పించుకుని డీఎన్ఏ చదువుతున్నారు. అవ్వ అన్నీ విని, "ఉమ్మి గూడ అడుక్కుంటున్నరా, పాపం" అంది.

ప్రతి వ్యాసం చివరా 'కావచ్చు', 'ఉండవచ్చు', 'ఇంకా చూడాలి'. మొదట్లో ఒళ్లు మండేది. ఇంత చదివిస్తిరి, చివరికి కావచ్చునా అని. ఒక ఏడు పోయాక ఆ మాట మీద గౌరవం కలిగింది. ఏమీ లేదన్న డాక్టరుకు అన్నీ తెలుసు. కావచ్చు అన్నవాడు ఇంకా వెతుకుతున్నాడు. నేను వెతికేవాడి పక్షం.

నవ్వుకున్న సందర్భాలూ ఉన్నాయి. మా వైపు నీరసం అంటే చాలు, ఊరి ఆర్‌ఎంపీ గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. జీవశాస్త్రం టీచరుగా అలాంటి వాళ్లను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. తీరా చూస్తే ఈ జబ్బులో కొందరికి ఒంట్లో తిరిగే రక్తమే తక్కువ ఉండవచ్చనీ, నిలబడితే తలకు అందదనీ, సెలైన్ ఎక్కిస్తే కొందరికి కాసేపు తేలికవుతుందనీ చదివాను. అది వైద్యం కాదు, నిలిచేదీ కాదు. అయినా మనసులోనే ఆర్‌ఎంపీకి సగం క్షమాపణ చెప్పుకున్నాను. మిగతా సగం అట్టే పెట్టుకున్నాను.

అట్లా చదువుతూ పోతుంటే పోయిన ఎండాకాలంలో సైకిలు పరీక్ష సంగతి వచ్చింది. మూతికి మాస్కు పెట్టి, కదలని సైకిలు మీద రోగిచేత తొక్కిస్తారు. మర్నాడు మళ్లీ తొక్కిస్తారు. మామూలు మనిషి రెండోనాడూ ఇంచుమించు అంతే తొక్కుతాడు. మాలాంటి వాళ్లలో చాలామంది రెండోనాడు దిగజారిపోతారు. మొదటిరోజు ఒక్కటే చూస్తే జబ్బు దొరకకపోవచ్చు. పైగా దెబ్బ వెంటనే తగలదు. ఒకరోజుకో రెండురోజులకో తగులుతుంది.

అక్కడ ఆగిపోయాను. ఈ మాట ఇంతకుముందు విన్నాను. ఏ వ్యాసంలోనూ కాదు, మా వంటింట్లో.

అవ్వకు ఒక చెల్లెలుంది. మా చిన్నమ్మ. ఇద్దరికీ ఆరేళ్ల తేడా. ఆమెను మహదేవపూర్ మండలంలో గోదావరి పక్క ఊరికి ఇచ్చారు. మా ఇళ్లలో ఆమె మాట ఎప్పుడొచ్చినా అవ్వ ఒకటే అనేది: "మొదటినాడు పులి, మూడోనాడు పిల్లి. గదీ మీ చిన్నమ్మ." పెళ్లిళ్లలో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. చిన్నప్పుడైతే చెంగు నెత్తిన కప్పుకుని, మూలుగుతూ గోడవారగా పడుకుని చిన్నమ్మ వేషం వేసి చూపించేదాన్ని. నన్ను ముద్దుచేసి మళ్లీ వేయించేవాళ్లు.

ఆ పులీ పిల్లీ ఎక్కడివో అప్పుడు తెలియదు. ఇప్పుడు అవ్వను కూర్చోబెట్టి, పాఠంలో ప్రశ్నలు అడిగినట్టు అడిగాను.

"నాట్లప్పుడు" అంది అవ్వ. మా వైపు నాట్లు ఒకరి పొలంలో ఒకరు వేసుకుంటారు. ఇవాళ మీకు వస్తే రేపు మీరు మాకు రావాలి. అందరూ వరుసగా వంగి, ఎవరి వంతు మునుం వాళ్లు నాటుతూ వెనక్కి జరుగుతారు. మెల్లగా నాటే మనిషి వెనకబడదు, ముందర మిగిలిపోతుంది. చుట్టూ నాటు లేస్తుంటే నడుమ ఒక్కతే నిలబడి ఉంటుంది. ఇక అందరి కళ్లూ దాని మీదే, అన్ని పరాచికాలూ దాని మీదే. "అది మొదటినాడు నాకంటె జోరుగ ఏస్తుండె. మాపటికి గూడ నవ్వుకుంట ఇంటికి వస్తుండె. మల్ల మూడోనాటికి సాప మీదికెళ్లి లేవది. దాని మునుం గూడ నేనే పట్టాలె. ఊరంత నన్నే అడుగుడు, మీ చెల్లె ఏదని."

"ఎప్పటి నుంచి అట్ల?"

అవ్వ ఆలోచించింది. "చిన్నప్పుడు మంచిగనే ఉండె. దాని లగ్గం ముందటేడు జరమొచ్చింది. నెలరోజులు. మెడకు గడ్డలు లేసినయ్. పసరు పోయించినం. గప్పటి సంది."

నోటుబుక్కు తీసి రాసుకున్నాను. ఒక జ్వరం, మెడ గడ్డలు, ఆపైన తీరని నీరసం, మూడోనాటి పడక. డాక్టర్లు రోగి దగ్గర రాబట్టలేని చరిత్రను మా అవ్వ నలభై ఏళ్లకు పైగా ఎగతాళి రూపంలో భద్రంగా దాచింది. పైగా ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఎక్కువ కనిపించవచ్చని కూడా చదివి ఉన్నాను. నేను డాక్టరును కాను. చిన్నమ్మకు ఉన్నది ఇదేనని చెప్పలేను. కానీ కావచ్చు.

"అవ్వా, చిన్నమ్మకు గూడ నా రోగమే ఉన్నదేమో" అన్నాను.

అవ్వ ముఖం మారిపోయింది. "దానికేం రోగం? పనిదొంగ రోగం. నీకంటె కాయితం ఉన్నది, డాక్టరమ్మ రాసిచ్చింది. నీ తమ్ముడు పుట్టినప్పుడు నాకు చేసిపెడుతనని అచ్చింది. మొదటినాడు ఇల్లు అలికింది, బట్టలు పిండింది, నాకు నీళ్లు పోసింది. మూడోనాడు పండింది. పచ్చి బాలింతను, నేను లేసి వండి దానికి పెట్టిన. గది మర్చిపోయే ముచ్చటనా?"

ఆ తరువాత వాళ్లిద్దరూ చావులకూ పెళ్లిళ్లకూ తప్ప కలవలేదు. కలిసినా పక్కపక్కన కూర్చోలేదు. అవ్వకు డెబ్బై, చిన్నమ్మకు అరవై నాలుగు. నాకు కావలసింది ఒక్కటే. వాళ్లిద్దరూ బతికి ఉండగానే అవ్వ ఆ పనిదొంగ అన్న మాట వదిలెయ్యాలి. నేను రోగం బారిన పడ్డాక నన్ను ఎవరైనా ఆ మాట అంటే చీపురు తిరగేసింది అవ్వే. చెల్లెలిని మాత్రం తనే అనేది. నాకది ముల్లులాగా గుచ్చుకునేది. ఆ వేషం వేసిన నా పాపమూ గుచ్చుకునేది.

చిన్నమ్మ దగ్గరికి పోతానన్నాను. అవ్వ రానంది. నాలుగురోజులు కదలకుండా పడుకుని బలం కూడబెట్టుకుని, ఐదోనాడు బయలుదేరాను. మా ఆయన కారు నడిపాడు. సీటు వెనక్కి వాల్చి కళ్లకు గుడ్డ కట్టుకున్నాను. చెల్పూర్ థర్మల్ కరెంటు కేంద్రం దగ్గర ఆయన చెబితే గుడ్డ ఎత్తి చూశాను. పడుకున్న మనిషికి పొగ గొట్టాల కొసలు మాత్రమే కనిపించాయి. భూపాలపల్లి దాటాక అడవి చల్లదనం తగిలింది. ఆయన నన్ను దింపి, టీ తాగి, డ్యూటీ ఉందని వెనక్కి వెళ్లిపోయాడు. వారం తరువాత వచ్చి తీసుకుపోవాలని ఒప్పందం. మూడోనాడు నేను పడిపోతానని మాకు తెలుసు కాబట్టి.

చిన్నాయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. చిన్నమ్మ ఒక్కతే ఉంటుంది. నన్ను చూసి, "గింత దూరం ఎట్లొచ్చినవ్ బిడ్డా, పానం మంచిగ లేదంటిరి" అని చేతులు పట్టుకుంది. ఇక మొదలుపెట్టింది. కోడిని పట్టించింది, కోయించింది, మసాలా నూరింది, ఇల్లంతా తుడిచింది. వద్దు చిన్నమ్మా, వద్దు అని నేను మంచం మీద నుంచి మొత్తుకున్నాను. అక్క బిడ్డ మొదటిసారి ఇంటికొస్తే ఏ ఆడది ఊరుకుంటుంది? ఆ పరుగు చూస్తూ నాకు లోపల భయమేసింది. మూడోనాడు ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, అయినా ఆగదు.

రెండోనాడు తీరిగ్గా మాట్లాడుకున్నాం. నా ప్రశ్నలకు ఆమె ఒక్కొక్కటిగా జవాబులు చెప్పింది. "ఒక్కనాడు రెండు పనులు పెట్టుకోను బిడ్డా. బట్టలు పిండిన్నాడు ఇల్లు ఊడ్వ. ఊడ్చిన్నాడు బట్టలు ముట్ట." పొయ్యి దగ్గర పీట ఉంది, స్నానానికి పీట ఉంది, గిన్నెలు తోమేచోట పీట ఉంది. నిలబడి చేసే పని ఆ ఇంట్లో లేదు. "నిలవడితె తల తిరుగుతది. ఉప్పేసుకొని సల్ల తాగుత, జర నయమైతది." శక్తిని కొలుచుకుని వాడుకోవాలి, కూర్చుని పనిచేయాలి, నిలబడలేనివాళ్లకు నీళ్లూ ఉప్పూ కొంత సాయపడవచ్చు. నేను ఇన్నాళ్లూ కళ్లు మండేదాకా చదివి నోటుబుక్కులో రాసుకున్నవే ఇవన్నీ. ఎవరూ చెప్పకుండా ఆమె తన ఒంటి మీద తనే పరీక్షించుకుని తేల్చుకుంది. చదువు వచ్చి ఉంటే ఈమె ఏమయ్యేదో అనిపించింది.

ఇట్లాంటి జబ్బు ఒకటి ఉందని, దాని మీద దేశదేశాల్లో పరిశోధన జరుగుతోందని చెప్పాను. సైకిలు సంగతి చెప్పాను. మొదటిరోజు బాగున్నవాళ్లు తరువాత ఎందుకు కూలిపోతారో ఇంకా పూర్తిగా తెలియదని, వెతుకుతున్నారని చెప్పాను. చిన్నమ్మ చేతిలోని చిక్కుడుకాయ గిల్లడం ఆపింది.

"మందున్నదా?"

"ఇంకా లేదు."

"లేకుంటె మానె." చేతిలోని కాయను చేటలో పడేసింది. "మా అక్కకు చెప్పినవా గీ ముచ్చట?"

"చెప్పిన."

"ఏమన్నది?"

అబద్ధం చెప్పలేకపోయాను, నిజమూ చెప్పలేకపోయాను. చిన్నమ్మ నా ముఖం చూసి మళ్లీ చిక్కుడుకాయలు గిల్లుకుంది.

చిన్నప్పుడు ఆమె వేషం వేసేదాన్నని అప్పుడే చెప్పేశాను. "నాకు తెలుసు బిడ్డా. పెండ్లిల నేను అరుగు మీద్నే ఉంటి" అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నా వీపు నిమిరింది.

మూడోనాడు ఇద్దరం లేవలేదు. నాకు కండలు రంపం పెట్టి కోసినట్టున్నాయి, కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా భరించలేకపోయాను. పక్కన చాప మీద చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. సరిగ్గా నేను వేసిన వేషంలాగే. పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది. అవ్వ. చెవి దగ్గర పట్టుకునే ఓపిక లేక స్పీకరు పెట్టి దిండు మీద వదిలేశాను.

"తిన్నవా బిడ్డా?"

"లేదు అవ్వా."

"ఎందుకు? ఒంటిగంట దాటె."

"నాకు లేవొస్తలేదు. చిన్నమ్మకు గూడ. మొన్న నాకోసం అంత చేసింది గదా."

పనిదొంగ అన్న ఎప్పటి మాటే అంటుందేమో అనుకున్నాను. ఫోనులోంచి మా వీధి ఆటోల చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు పడ్డప్పుడు నేనున్న, ఇంత పెడుత" అంది చివరికి, మెల్లగా, ఎవరినీ అడగనట్టుగా. "మరి దానికి ఎవరు వెడుతున్నరు?"

గోడవైపు నుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది.

"ఎవరు వెడుతరే అక్కా. నాలుగోనాడు నేనే లేసి వండుకుంట."

ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది. చిన్నమ్మ ఇటు తిరగలేదు. పక్కింటామె సాయంత్రం తొంగిచూసి, "మల్ల పండిందా?" అని వెళ్లిపోయింది. బిస్కెట్లు తిని నీళ్లు తాగాం.

మర్నాడు అవ్వ వచ్చింది. తెల్లారగానే మహబూబాబాద్‌లో బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లిలో మారి, మిట్టమధ్యాహ్నం ఎండలో సంచి పట్టుకుని గడప దగ్గర నిలబడింది. చిన్నాయన పోయిననాడు తప్ప చెల్లెలి ఇంటికి ఆమె రావడం అదే మొదలు. చిన్నమ్మ కళ్లు తెరిచి చూసింది. చెంగు సర్దుకుంటూ, చెయ్యి నేలకు ఆనించి, మర్యాదకు లేవబోయింది.

అవ్వ సంచి కింద పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేసి మళ్లీ పడుకోబెట్టింది.

"లేవకు" అంది. "పండుకో."